కుడి కంటికో షుగరు, ఎడమ కంటికో షుగరా?

మనందరికీ తెలిసిన పాత జోకే. నలుగురు ఇంజినీర్లు కార్లో వెళ్తుంటే కారు ఆగిపోతుంది. మెకానికల్ వాడు ఇంజన్ పోయిందంటాడు, ఎలక్ట్రికల్ వాడు బ్యాటరీ అంటాడు, కెమికల్ వాడు పెట్రోల్లో కల్తీ అంటాడు. మన సాఫ్ట్‌వేర్ వాడు మాత్రం "అందరం ఒకసారి దిగి మళ్ళీ ఎక్కి చూద్దామా?" అంటాడు. ఈ జోకు చెప్పి నేను చాలామందిని నవ్వించాను. తర్వాత మా నాన్న కంటి విషయంలో సరిగ్గా ఆ నాలుగోవాడి పనే చేశాను.

2023 మార్చి, ఒక గురువారం. ఆ రాత్రికి మాకు రిలీజు. పొద్దున పదకొండింటికి కాల్‌లో ఉంటే నరసరావుపేట నుంచి అమ్మ ఫోను. ఒకసారి కట్ చేశాను. వెంటనే మళ్ళీ చేసింది.

"మీ నాన్నకి కుడి కన్ను కనపట్లేదంటున్నారురా. పేపర్ చదువుతుంటే పైనుంచి షట్టర్ దించినట్టు నల్లగా దిగిపోయిందంట."

"నొప్పేమైనా ఉందా?"

"లేదంట."

"టిఫిన్ తిన్నారా?"

"ఎక్కడా? బ్యాంకులో పనుందని పొద్దున్నే వెళ్ళి ఇప్పుడే వచ్చారు."

అంతే, మన బుర్రలో లైటు వెలిగింది. టిఫిన్ లేదు, ఎండలో తిరిగారు, పైగా పదకొండేళ్ళుగా షుగరు. "షుగర్ డౌన్ అయ్యుంటుందమ్మా, గ్లూకోజ్ నీళ్ళు కలిపివ్వు" అని చెప్పి మళ్ళీ కాల్‌లోకి దూరాను. పది నిమిషాల తర్వాత అమ్మే చేసింది. "వచ్చేసిందిరా, బానే కనపడుతోందంట." పక్కింటి అత్తయ్యగారు కూడా అవును షుగరే అన్నారట. సాయంత్రం నాన్న మందుల షాపు దాకా వెళ్తే ఆ షాపాయన కూడా అదే అన్నాడట. ఎవరిని అడిగినా ఒకటే సమాధానం. సమస్య తీరిపోయింది, టికెట్ క్లోజ్డ్.

పదో రోజున నాన్నకి ఎడమ చెయ్యి, ఎడమ కాలు పడిపోయాయి.

గుంటూరులో హాస్పిటల్లో చేర్చాక న్యూరో డాక్టరు గారు స్కాన్లు చూసి ఒక ప్రశ్న అడిగారు. "ఈమధ్య ఎప్పుడైనా ఆయనకి కన్ను కాసేపు కనపడకుండా పోయి మళ్ళీ వచ్చిందా? కుడి కన్ను?" ఏ కన్నో కూడా ఆయనే చెప్పారు. అమ్మ ఏమీ మాట్లాడలేదు, నా వైపు చూసింది.

ఇది సానుభూతి కోసం రాయట్లేదు. మన ఇళ్ళల్లో "షుగరు" అనే మాటని మనం ఎలా వాడుతున్నామో దాని మీద నాకు చాలా కోపంగా ఉంది. అందులో ముందు నా మీద నాకే. ఆ కోపం ఇక్కడ కక్కుతున్నా, భరించండి.

ముందు నేను చేసిన తప్పుల లెక్క చూద్దాం. మెడిసిన్ చదవక్కర్లేదు, మామూలు డీబగ్గింగ్ తెలిస్తే చాలు.

మొదటి తప్పు: కొలవలేదు. గ్లూకోమీటర్ ఇంట్లోనే ఉంది. సంక్రాంతికి నేనే కొనిచ్చాను, ఫొటో కూడా దిగాం. అది బీరువాలో చీరల కింద భద్రంగా ఉంది. షుగర్ తగ్గింది అనడానికి లెక్క ఉంది. డెసిలీటరుకి 70 మిల్లీగ్రాముల కంటే తక్కువైతే తగ్గినట్టు, 54 కంటే తక్కువైతే సీరియస్‌గా తగ్గినట్టు. వేలు గుచ్చి చూడ్డానికి అర నిమిషం. లాగ్ చూడకుండా "డేటాబేస్ ప్రాబ్లం అయ్యుంటుంది" అనే వాడిని మీటింగులో ఉతికేస్తాం కదా, మరి కన్నతండ్రి దగ్గరికొచ్చేసరికి మన లాజిక్ ఎక్కడికి పోతుందో!

రెండో తప్పు: ఒక్క కన్ను అన్న మాట విని కూడా వదిలేశాను. షుగర్ రక్తంలో ఉంటుంది. ఆ రక్తమే రెండు కళ్ళకీ వెళ్తుంది, మెదడుకీ వెళ్తుంది. కుడి కంటికో షుగరు, ఎడమ కంటికో షుగరు ఉండవు. నిజంగా షుగర్ పడిపోతే మామూలుగా రెండు కళ్ళూ మసకబారతాయి. దాంతోపాటు చెమటలు, చేతుల వణుకు, గుండె దడ, ఆకలి, అయోమయం. మా నాన్నకి ఇవేవీ లేవు. ప్రశాంతంగా కూర్చుని, ఒక్క కంటికి షట్టర్ దిగిందని చెప్పారాయన. ఇంత స్పష్టమైన బగ్ రిపోర్టు నాకు ఆఫీసులో కూడా ఎప్పుడూ రాలేదు.

మూడో తప్పు: ఆయన ఏ మందు వేసుకుంటున్నారో ఆలోచించలేదు. అప్పటికి షుగరుకి మెట్‌ఫార్మిన్ ఒక్కటే. ఆ ఒక్కటీ వాడేవాళ్ళకి షుగర్ ప్రమాదకరంగా పడిపోవడం అరుదు. ఇన్సులిన్ తీసుకునేవాళ్ళకి, గ్లిమిపిరైడ్, గ్లిక్లజైడ్ లాంటి మాత్రలు వాడేవాళ్ళకి ఆ ప్రమాదం ఎక్కువ. మీ అమ్మానాన్నలు వేసుకునే మాత్ర పేరు మీలో ఎంతమందికి తెలుసు? "పొద్దున ఒకటి, రాత్రి ఒకటి, తెల్లది" అనొద్దు. పేరు చెప్పండి.

నాలుగోది, అన్నిటికంటే పెద్దది: గ్లూకోజ్ తాగాక చూపొచ్చింది కాబట్టి గ్లూకోజ్ వల్లే వచ్చిందనుకున్నాను. ఆ చూపు మంచినీళ్ళు తాగినా వచ్చేది, ఏమీ తాగకపోయినా వచ్చేది. కాకి వాలింది, తాటిపండు పడింది. షుగర్ తగ్గడం వల్లే లక్షణాలు వచ్చాయని తేల్చడానికి డాక్టర్లకి అమెరికా సర్జన్ అలెన్ విపుల్ పేరుతో ఒక పాత సూత్రం ఉంది. మూడు కలవాలి: లక్షణాలు ఉండాలి, ఆ సమయంలోనే కొలిస్తే షుగర్ తక్కువ ఉండాలి, షుగర్ పెంచగానే లక్షణాలు పోవాలి. నా దగ్గర మధ్యది లేనే లేదు. అది లేకపోతే మొదటిదీ మూడోదీ కలిసినా ఉత్త కథే.

మరి అసలు జరిగిందేమిటి? మెడలో రెండు వైపులా మెదడుకి రక్తం తీసుకెళ్ళే పెద్ద నాళాలుంటాయి, కెరోటిడ్ ధమనులంటారు. కంటికి వెళ్ళే చిన్న నాళం వాటిలోంచే చీలుతుంది. ఏళ్ళ తరబడి ఆ గోడల్లో కొవ్వు పేరుకుని గడ్డ కడుతుంది. దాంట్లోంచి ఒక చిన్న ముక్క ఊడి కంటి నాళంలో ఇరుక్కుంటే ఆ కన్ను నల్లబడుతుంది. ముక్క కరిగో, పగిలో ముందుకి జారిపోతే చూపు తిరిగొస్తుంది. దీన్ని అమోరోసిస్ ఫ్యూగాక్స్ అంటారు. రెటీనాలో అలా ఇరుక్కుని మెరిసే ముక్కల్ని మేయో క్లినిక్‌కి చెందిన హోలెన్‌హార్స్ట్ అనే కంటి డాక్టరు 1961లోనే వర్ణించాడు. అంటే ఇది నిన్నా మొన్నా కనిపెట్టిన సంగతేం కాదు.

కుడి కెరోటిడ్ లోంచి ఊడిన ముక్క కుడి కంటికి పోతే పది నిమిషాల చీకటి. తర్వాత ముక్క మెదడు కుడి భాగానికి పోతే ఎడమ చెయ్యీ కాలూ పోతాయి. డాక్టరు గారు కన్ను పేరు కూడా చెప్పగలిగింది అందుకే. మా నాన్నకి కుడి కెరోటిడ్ 80 శాతం మూసుకుపోయి ఉంది.

దీన్ని వైద్యులు కంటి జబ్బుగా కాదు, పక్షవాతానికి ముందొచ్చే హెచ్చరికగా చూస్తారు. టీఐఏ అంటారు, అంటే వచ్చి పోయే స్ట్రోకు. 2009లో అమెరికన్ హార్ట్ అసోసియేషన్ వాళ్ళు దీని నిర్వచనాన్ని సవరించినప్పుడు మెదడు, వెన్నుపాముతో పాటు రెటీనాని కూడా అందులో చేర్చారు. ఇది మాటల గొడవ కాదు. కాలిఫోర్నియాలో ఎమర్జెన్సీకి టీఐఏతో వచ్చిన 1,707 మందిని గమనించి 2000లో ప్రచురించిన అధ్యయనంలో 90 రోజుల్లో 10.5 శాతం మందికి స్ట్రోకు వచ్చింది. అందులో సగం మొదటి రెండు రోజుల్లోనే. కంటికి మాత్రమే వచ్చినవాళ్ళకి ఈ ప్రమాదం కాస్త తక్కువ, నిజమే. మా నాన్నకి మరి ఆ తక్కువే సరిపోయింది.

నాకు నిద్ర పట్టనివ్వని లెక్క ఇంకోటుంది. ఆక్స్‌ఫర్డ్‌లో చేసిన ఎక్స్‌ప్రెస్ అనే అధ్యయనం 2007లో వచ్చింది. టీఐఏ, చిన్న స్ట్రోకు వచ్చినవాళ్ళకి తాపీగా అపాయింట్‌మెంట్లు ఇస్తూ వైద్యం చేసిన కాలంలో 90 రోజుల్లో మళ్ళీ స్ట్రోకు వచ్చినవాళ్ళు 10.3 శాతం. అదే రోజు చూసి మందులు మొదలుపెట్టడం అలవాటు చేశాక 2.1 శాతం. కొత్త మందేమీ కనిపెట్టలేదు. పాత మందులే, తొందరగా ఇచ్చారంతే. నాకేమో తొమ్మిది రోజుల టైమిచ్చారు. నేను రిలీజు సక్సెస్ అయిందని టీముతో బిర్యానీ తిన్నాను.

ఇక్కడ కొంతమంది "అయితే షుగరుకీ దీనికీ సంబంధం లేదంటావా?" అంటారు. అక్కడికే వస్తున్నా. సంబంధం ఉంది, బ్రహ్మాండంగా ఉంది. కాకపోతే మనం అనుకునే వైపు నుంచి కాదు. ఆ పొద్దున షుగర్ తగ్గడం వల్ల కాదు, పదకొండేళ్ళు షుగరు, బీపీ పెరిగి ఉండటం వల్ల ఆ నాళం పాడైంది. షుగరు వ్యాధి రక్తనాళాల వ్యాధి కూడా. మనం మాత్రం దాన్ని స్వీటు మానేసే వ్యాధి అనుకుంటాం. అసలు దోషి పేరు సరిగ్గానే చెప్పి, తప్పు కేసు పెట్టి, గ్లూకోజ్ నీళ్ళతో బెయిలిచ్చి పంపించేశాం. "షుగరు" అన్న మాటతో విచారణ మొదలవ్వాలి. మన ఇళ్ళల్లో ఆ మాటతో విచారణ ముగిసిపోతుంది. నా గొడవంతా ఇదే.

షుగరుకీ చూపుకీ ఉన్న సంబంధాలు ఒకటి కాదు. అన్నిట్నీ ఒకే గాటన కట్టేయడం ఇంకో దరిద్రం.

షుగర్ బాగా పెరిగితే కంట్లో లెన్సు ఉబ్బి దాని ఆకారం మారుతుంది. చూపు మసకబారుతుంది, అద్దాల నంబరు మారినట్టుంటుంది. ఇది నిమిషాల్లో వచ్చి పోయేది కాదు, రోజులు, వారాలు పడుతుంది. షుగర్ కంట్రోల్లోకి వచ్చాక కూడా సర్దుకోవడానికి కొన్ని వారాలు కావాలి. మనవాళ్ళు ఈలోపు మానిటర్ చూసీ చూసీ కళ్ళు పోయాయని కళ్ళద్దాల షాపుకెళ్ళి కొత్త అద్దాలు చేయించుకుంటారు. నెల తర్వాత అవీ పనికిరావు.

షుగరు వల్ల రెటీనా నాళాలు దెబ్బతిని, ఒకరోజు కంట్లో రక్తం చిమ్మితే హఠాత్తుగా నల్ల చుక్కలు, సాలెగూళ్ళు, చీకటి. ఇది పది నిమిషాల్లో పోదు. దీనికి ముందు ఏళ్ళ తరబడి ఏ నొప్పీ, ఏ సూచనా లేకుండా లోపల పాడవుతూ ఉంటుంది. అందుకే టైప్ 2 షుగరు అని తెలిసిన రోజునే కంటి పాప పెద్దది చేసి రెటీనా చూపించుకోమనీ, తర్వాత ఏడాదికోసారి చూపించుకోమనీ చెప్తారు. "నాకు బానే కనపడుతోంది" అన్నది రెటీనా బాగుందనడానికి రుజువు కాదు.

ఇక అసలు షుగరుతో పని లేనివి. మైగ్రేన్ ముందు వచ్చే మెరుపు గీతలు, వంకరటింకర అంచులు: ఇవి సాధారణంగా రెండు కళ్ళల్లోనూ, మెల్లగా పాకుతూ, 5 నిమిషాల నుంచి గంట దాకా ఉంటాయి. మన వయసు వాళ్ళలో ఇది మామూలే. గబుక్కున లేచినప్పుడు బీపీ పడిపోయి రెండు కళ్ళూ కమ్మడం ఇంకోటి. వంగినప్పుడు కొన్ని సెకన్లు చూపు పోతూ తలనొప్పి కూడా ఉంటే మెదడులో ప్రెషర్ పెరిగిందేమో చూడాలి. యాభై దాటినవాళ్ళకి కణతల్లో నొప్పి, నమిలేటప్పుడు దవడ నొప్పితో పాటు చూపు పోతుంటే అది నాళాల వాపు కావచ్చు, ఆలస్యమైతే చూపు శాశ్వతంగా పోవచ్చు. ఇన్ని ఉన్నాయి. మనమేమో అన్నిటికీ ఒకటే ప్యాచ్ వేస్తున్నాం: ఒక గ్లాసు గ్లూకోజ్.

"నువ్వేమన్నా డాక్టరువా?" అంటారా? కాదు. అందుకే ఏ జబ్బో మీరు తేల్చండి అనట్లేదు, తేల్చేవాళ్ళ దగ్గరికి అదే రోజు తీసుకెళ్ళండి అంటున్నా. ఆ గురువారం నేను డాక్టరుని కాదన్న సంగతి గుర్తుండుంటే ఎంత బాగుండేది!

"హాస్పిటల్‌కి వెళ్తే ఎమ్మారై అంటారు, దోచేస్తారు" అని ఇంకో వాదన. ఇది మాత్రం నేను తేలిగ్గా కొట్టిపారెయ్యను. అక్కర్లేని టెస్టులు రాసే చోట్లున్నాయి, అందరం బాధితులమే. కానీ ఇక్కడ ముందుగా చూసేవి ఏంటి? షుగరు, బీపీ, ఈసీజీ, రక్తపరీక్షలు, మెడకి డాప్లర్. డాప్లరంటే కడుపుతో ఉన్నవాళ్ళకి చేసే స్కానింగ్ జాతిదే, కొయ్యడాలు గట్రా ఏమీ లేవు. అనవసరమైన టెస్టు చేయించుకోవద్దనే వివేకం వేరు, అవసరమైన టెస్టుకి వెళ్ళకుండా దానికి వివేకమని పేరు పెట్టుకోవడం వేరు. డబ్బుల లెక్కే కావాలంటే స్ట్రోకు తర్వాత ఐసీయూ బిల్లూ, ఆర్నెల్ల ఫిజియోథెరపీ బిల్లూ నా దగ్గరున్నాయి, చూపిస్తా.

"ప్రతి కళ్ళు తిరుగుడికీ ఎమర్జెన్సీకి పరిగెత్తాలా?" అక్కర్లేదు. నాలుగు ప్రశ్నలు అడగండి చాలు. ఒకటి, ఒక కన్నా, రెండు కళ్ళా? దీనికి ఒక్కో కన్నూ మూసి చూడమనండి. ఎందుకంటే రెండు కళ్ళల్లోనూ ఎడమ సగం పోతే చాలామంది ఎడమ కన్ను పోయిందనుకుంటారు, అది కంటిలోది కాదు, మెదడులోది. రెండు, ఎన్ని నిమిషాలు, ఎలా వచ్చింది? తెర పడ్డట్టా, మసకా, మెరుపులా? మూడు, మూతి వంకర, మాట తడబాటు, చెయ్యి కాలు నీరసం ఉన్నాయా? నాలుగు, మీటర్లో నంబరెంత?

నంబరు 70 కంటే తక్కువుంటే మూడు చెంచాల పంచదార నీళ్ళలో కలిపి ఇవ్వండి, పదిహేను నిమిషాలకి మళ్ళీ కొలవండి. మనిషి మత్తులో ఉంటే నోట్లో ఏమీ పొయ్యొద్దు. షుగర్ బాగా పడిపోతే అచ్చం స్ట్రోకులాగే కనపడొచ్చు కూడా, అందుకే స్ట్రోకు కేసుల్లో హాస్పిటల్ వాళ్ళూ ముందు షుగరే చూస్తారు. కానీ ఒక్క కంటికి తెర పడిందంటే నంబరు ఎంతున్నా, చూపు తిరిగొచ్చేసినా, అదే రోజు హాస్పిటల్. మూడో ప్రశ్నకి అవునంటే 108కి ఫోను. సొంతంగా ఆస్పిరిన్లు మింగించొద్దు, అది రక్తస్రావమో అడ్డంకో స్కాన్ చూసే డాక్టరు చెప్పాలి.

పెద్దవాళ్ళ సంగతి సరే, మన సంగతో? హైదరాబాద్ ఐటీ ఉద్యోగులు 345 మందిని పరీక్షించి 2025లో ప్రచురించిన అధ్యయనంలో 84 శాతం మందికి లివర్‌లో కొవ్వు పేరుకుని ఉందని తేలింది. షుగరు వచ్చేవాళ్ళ క్యూ అది. 2023లో ఐసీఎంఆర్ అధ్యయనం దేశంలో షుగరున్నవాళ్ళు 10.1 కోట్లనీ, ఆ అంచున ఉన్నవాళ్ళు మరో 13.6 కోట్లనీ లెక్క తేల్చింది. కంపెనీ ఏటా చేయించే హెల్త్ చెకప్ రిపోర్టు మీ మెయిల్లో పీడీఎఫ్‌గా పడి ఉంటుంది. తెరిచారా? హెచ్‌బీఏ1సీ 5.7 నుంచి 6.4 మధ్య ఉంటే వార్నింగు, 6.5 దాటితే ఎర్రరు. కంపైలర్ వార్నింగుల్ని పట్టించుకోనట్టే దీన్నీ పట్టించుకోం, బిల్డ్ అయితే చాలు. నాది 5.9. అది కూడా నాన్నకి స్ట్రోకు వచ్చాకే తెరిచి చూశాను.

నాన్నకి తర్వాత మెడలో ఆ నాళం శుభ్రం చేసే ఆపరేషన్ చేశారు. నడుస్తున్నారు, కర్రతో. ఎడమ చేత్తో చొక్కా గుండీలు పెట్టుకోలేరు, అమ్మ పెడుతుంది. నన్ను ఒక్క మాట కూడా అనలేదాయన. పోయిన నెల ఊరెళ్తే ఎవరో చుట్టం వచ్చి అడిగితే "ఆ రోజు షుగర్ డౌనయిందయ్యా, అక్కణ్ణుంచి మొదలైంది" అని చెప్తున్నారు. ఇంత జరిగాక కూడా! పక్కనే కూర్చున్నాను. కాదు నాన్నా అనబోయి ఆగిపోయాను. ఆయనకా మాట నేర్పింది నేనే కదా.

కాబట్టి ఇది చదవడం అయ్యాక ఇంటికి ఒక ఫోను చెయ్యండి. "బాగున్నారా, తిన్నారా" అయ్యాక ఇంకో రెండు ప్రశ్నలడగండి. "ఎప్పుడైనా ఒక కన్ను కాసేపు కనపడకుండా పోయి మళ్ళీ వచ్చిందా?" అడిగితేనే చెప్తారు, వాళ్ళంతట వాళ్ళు చెప్పరు, వచ్చేసింది కదా అని ఊరుకుంటారు. రెండోది, "మీటర్ ఎక్కడుంది?"

బీరువాలో ఉందంటే బయటికి తీయించండి. స్ట్రిప్పుల మీద డేటు కూడా చూడమనండి. మా ఇంట్లోవి ఎప్పుడో అయిపోయాయి.